రిపోర్టు ముందు ఎవరి చేతికి వెళ్లింది? గుంటూరు జిల్లా నుంచి ఒక రొమ్ము క్యాన్సర్ కేసు

ఈ కేసు రాయడానికి పేషెంట్ ఒప్పుకుంది. పేరు, ఊరు, ఆసుపత్రుల పేర్లు వద్దంది కాబట్టి అవేవీ ఇక్కడ ఉండవు. కుటుంబ వివరాలు ఒకటి రెండు మార్చాను, వైద్యం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. నేను గుంటూరులో జనరల్ సర్జన్‌ని, చాలాకాలం ప్రభుత్వ సర్వీసులో చేసి ఇప్పుడు చిన్న క్లినిక్ నడుపుకుంటున్నవాణ్ణి. ఆమెకు ఆపరేషన్ చేసింది నేను కాదు, కీమో ఎక్కించిందీ నేను కాదు. ఈ కేసులో నా పని చాలావరకు కాగితాల వెంట పడటమే.

విషయం ముందే చెప్పేస్తా. ఆమె ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టులో ఏముందో ఆమెకి తెలియకముందే ఒక ప్రైవేటు ఆసుపత్రి మార్కెటింగ్ కుర్రాడికి తెలిసిపోయింది. మూడు నెలలు తిరక్కుండానే, అదే ఆమె చికిత్స కాగితాలు ఆమెకే కావాల్సి వస్తే, అడిగి అడిగి తెచ్చుకోవడానికి మూడు వారాలు పట్టింది. మొదటిదాన్ని ప్రైవసీ సమస్య అనీ, రెండోదాన్ని ఆఫీసు జాప్యం అనీ విడదీసి మాట్లాడతారు మావాళ్లు. నాకైతే రెండూ ఒకే జబ్బు.

కేసు

46 ఏళ్ల స్త్రీ, వ్యవసాయ కూలి, నెలసరి ఇంకా ఆగలేదు, షుగరూ బీపీ లేవు, ఇద్దరు పిల్లలు. రాష్ట్రంలో 2024 నవంబరులో మొదలైన ఇంటింటి క్యాన్సర్ స్క్రీనింగ్‌లో భాగంగా ఏఎన్ఎం వాళ్ల బజారుకి వచ్చి అడిగితే, అప్పటికి ఆరు నెలల నుంచి ఎడమ రొమ్ములో గడ్డ చేతికి తగులుతోందని చెప్పింది. నొప్పి లేదు కాబట్టి మిరప కోతలు అయ్యాక చూసుకుందాంలే అనుకుందట. మన దగ్గర రొమ్ము క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి ఇదో ముఖ్య కారణం, నొప్పి లేకపోవడం. ఇక్కడ ఏఎన్ఎం అడిగింది కాబట్టి బయటపడింది, ఆ స్క్రీనింగ్ లేకపోతే ఇంకో ఏడాది గడిచిపోయేది. ప్రభుత్వ వ్యవస్థ చేసిన మంచి పని ఇది, ఈ కేసులో అది కూడా రికార్డు కావాలి.

అక్కడి నుంచి పీహెచ్‌సీ, పీహెచ్‌సీ నుంచి పెద్ద ప్రభుత్వాసుపత్రి. పరీక్షలో ఎడమ రొమ్ము పై బయటి భాగంలో సుమారు 3 సెంటీమీటర్ల గట్టి గడ్డ, చర్మానికి అంటుకోలేదు, చంకలో కదిలే గ్రంథి ఒకటి. మామోగ్రామ్ అనుమానాన్ని బలపరిచింది. ఛాతీ, కడుపు స్కాన్లలో ఎక్కడికీ పాకిన గుర్తులు లేవు. డాక్టర్ల లెక్కలో టీ2 ఎన్1, అంటే మధ్యస్థ సైజు గడ్డ, చంక గ్రంథి వరకు జబ్బు వెళ్లిందన్న అనుమానం. సకాలంలో ఆపరేషన్, కీమో, కరెంట్ (రేడియేషన్) పూర్తయితే బాగా కోలుకునే దశే. 2025 జూలైలో సూదితో ముక్క తీసి పరీక్షకి పంపారు.

ఆ ఆసుపత్రిలో సర్జన్ ప్రభుత్వ ఉద్యోగి, వార్డు ప్రభుత్వానిది, ముక్క తీసిన గదీ ప్రభుత్వానిదే. కానీ ఆ సీసా తీసుకుని, ఫారం నింపి, బయటి ల్యాబ్‌కి పంపి రిపోర్టు తెచ్చే కౌంటర్ మాత్రం ఒక ఏజెన్సీది. అదే భవనంలో, అదే నీలం బోర్డు కింద ఉంటుంది, పేషెంట్‌కి తేడా తెలిసే అవకాశమే లేదు. ఫారంలో ఫోన్ నంబర్ అడిగారు. ఆమె ఫోన్‌కి రీచార్జి అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోయింది, అందుకని తనని బండి మీద తీసుకొచ్చిన పక్కింటి కుర్రాడి నంబర్ ఇచ్చింది.

నాలుగైదు రోజులకి సాయంత్రం పూట ఆ కుర్రాడికి ఫోన్ వచ్చింది. నేను తర్వాత అతన్ని కూర్చోబెట్టి అడిగితే చెప్పినది ఇది: "మీ అమ్మగారి బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చిందండీ, టెన్షన్ పడకండి, మా హాస్పిటల్లో కార్డు మీద ఫ్రీగా చేస్తారు, రేపు పొద్దున్నే వెహికల్ పంపిస్తాం" అన్నాడట అవతలివాడు. మా అమ్మ కాదండీ పక్కింటి పెద్దమ్మ అని ఇతను, అయితే ఆవిడకి ఇవ్వండి అని అతను. వీడికి పందొమ్మిదేళ్లు. భయమేసి వాళ్లమ్మకి చెప్పాడు. వాళ్లమ్మ ఇంకొకావిడకి చెప్పింది. తెల్లారి కుళాయి దగ్గర బిందె పెట్టేసరికి వెనక నుంచి ఎవరో "ఏమ్మా, క్యాన్సరంటగా, నిజమేనా?" అన్నారు. తన రోగ నిర్ధారణ ఆమెకి తెలిసింది అలా, నీళ్ల కుళాయి దగ్గర, నలుగురి ముందు.

నేను ఎన్నో ఏళ్లు ఈ మాట పేషెంట్లకి చెప్పినవాణ్ణి. తలుపు వేసి, కూర్చోబెట్టి, ఇంట్లో ఎవరికి చెప్పాలనుకుంటున్నారో ముందు అడిగి, అప్పుడు చెబుతాం. అంతా చేసినా కొందరు కుప్పకూలిపోతారు. ఈమె మాత్రం బిందె ఎత్తుకుని ఇంటికి నడిచి వెళ్లాల్సి వచ్చింది. అప్పటికి కూతురికి సత్తెనపల్లి వైపు నుంచి ఒక సంబంధం నడుస్తోంది. వాళ్లు ఆ తర్వాత ఫోన్ చేయలేదు. కారణం ఇదేనని ఎవరూ చెప్పలేదు, ఎవరూ చెప్పరు కూడా.

నంబర్ ఎక్కడి నుంచి కారింది?

ఇలాంటివి వినగానే అందరూ అనేది ఒకటే: ప్రభుత్వం అంతా ఆన్‌లైన్ చేసింది, ఆధార్‌కి లింకు పెట్టింది, సర్వర్ నుంచి ఎవడో లాగేశాడు. ఈ కేసులో అది కాదని తేల్చిచెప్పొచ్చు, ఎందుకంటే ఆమె అదృష్టమో దురదృష్టమో గానీ నంబర్లే సాక్ష్యం చెబుతున్నాయి. ఏఎన్ఎం ట్యాబ్‌లో ఉన్నది మరిది నంబర్. ఆధార్‌కి లింకైనదీ, ఆభా (ఆన్‌లైన్ ఆరోగ్య రికార్డుల) ఐడీకి, ఎన్టీఆర్ వైద్య సేవ వివరాలకి ఉన్నదీ అదే. ఓపీ చీటీలోనూ అదే. పక్కింటి కుర్రాడి నంబర్ ఉన్నది ఒకే ఒక్క చోట, ఆ ముక్క పరీక్ష ఫారం మీద. ఫోన్ వచ్చింది ఆ నంబర్‌కే, పైగా 'మీ అమ్మగారు' అన్నాడు, అంటే ఫారంలో అటెండర్ గడిలో కుర్రాడి పేరు చూసి కొడుకనుకున్నాడు. కాబట్టి విషయం బయటికి పోయింది ఆ కౌంటర్ నుంచో, ఆ తర్వాతి మెట్టు నుంచో. ఏ మనిషి చేశాడన్నది నేను చెప్పలేను, చెప్పే అధికారమూ నాకు లేదు. హ్యాకింగ్ మాత్రం కాదు. ఫారం ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడానికి పాస్‌వర్డ్ అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కేసులు పంపించి కమీషన్ తీసుకోవడం గుంటూరుకి కొత్తేమీ కాదు. కొత్తపేట ఆసుపత్రుల సందుల్లో పేషెంట్లని పట్టుకొచ్చే పీఆర్‌ఓలు, పల్లెల్లో ఆర్‌ఎంపీలు, వీళ్ల మధ్య కవర్లు, ఇదంతా నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి నుంచీ చూస్తున్నదే. విజయవాడలో సూర్యారావుపేటకి వెళ్లి అడగండి, అక్కడా ఇదే కథ చెబుతారు. తేడా ఏమిటంటే అప్పట్లో పీఆర్‌ఓ ఆర్‌ఎంపీని పట్టుకోవాలి, ఆర్‌ఎంపీ పేషెంట్‌ని ఒప్పించాలి, పేషెంట్‌కి కనీసం తనని పంపిస్తున్నది ఎవరో ముఖం తెలుసు. ఇప్పుడు ప్రభుత్వాసుపత్రి లోపలే కూర్చున్న కాంట్రాక్టు కౌంటర్ నుంచి నేరుగా రోగం పేరుతో సహా నంబర్ వెళ్తోంది. మధ్యవర్తి కనపడడు. ఆ కౌంటర్లో కూర్చున్న డేటా ఎంట్రీ కుర్రాడికి జీతం తక్కువ, అదీ నెలల తరబడి రాదు, వాడికి గోప్యత గురించి ఎవరూ ఒక్క గంట క్లాసు కూడా చెప్పలేదు. వాణ్ణి ఒక్కణ్ణి తిట్టి లాభం లేదు.

అలాగని ఆన్‌లైన్ వ్యవస్థకి నేను క్లీన్ చిట్ ఇవ్వడం లేదు. 2018లో మన రాష్ట్రంలోనే అన్న సంజీవని జనరిక్ మందుల షాపుల డాష్‌బోర్డు ఇంటర్నెట్‌లో బాహాటంగా కనపడింది, ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబర్‌తో సహా. లైంగిక సమస్యల మందులు కొన్నవాళ్ల నంబర్లు కూడా అందులో ఉన్నాయి. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద దాడి జరిగి రెండు వారాలు అంతా చేతిరాతతో నడిపారు. ఇవన్నీ నిజమే. కానీ పల్లెటూరి పేషెంట్‌కి రోజూ తగిలే దెబ్బ అంత ఎత్తు నుంచి రాదు, కౌంటర్ దగ్గరే తగులుతుంది.

ఆభా సంగతి ఇంకో రకం. ఓపీ కౌంటర్ దగ్గర క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే టోకెన్ వస్తుంది, క్యూ తగ్గుతుంది, మంచిదే. 14 అంకెల ఆభా నంబర్ పెట్టుకోవడం స్వచ్ఛందం, అది లేకపోయినా వైద్యం నిరాకరించకూడదు. కానీ కౌంటర్ దగ్గర "ఆధార్ ఇవ్వమ్మా, ఓటీపీ చెప్పమ్మా" అంటారే తప్ప వద్దనొచ్చని ఎవరూ చెప్పరు. ఈమె విషయంలో ఓటీపీ మరిది ఫోన్‌కి వెళ్లింది, అతను చేలో ఉండి చెప్పాడు, ఐడీ తయారైపోయింది. రేపు ఆమె రికార్డు ఏ ఆసుపత్రి చూడొచ్చో అనుమతించే బటన్ నొక్కేది కూడా ఆ ఫోన్ పట్టుకున్నవాడే. ఆమెకి ఆ ఐడీ ఉందని కూడా తెలియదు. మన ఊళ్లలో ఆడవాళ్ల ఆధార్‌కి ఎవరి నంబర్ లింకై ఉందో ఒకసారి చూడండి, భర్తదో, కొడుకుదో, కొన్నిసార్లు మీసేవ కుర్రాడిదో ఉంటుంది. చట్టంలో సమ్మతి అని రాసిన చోటల్లా ఆచరణలో ఉన్నది ఈ ఓటీపీనే.

ప్రైవేటుకి ఎందుకు వెళ్లింది?

ఫోన్ చేసి లాగారు కాబట్టి వెళ్లింది అంటే సగమే నిజం. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ తేదీ మూడు వారాల తర్వాత ఇచ్చారు, మత్తు డాక్టర్ల కొరత. ఇక్కడేమో రేపే వెహికల్ అంటున్నారు. ఊరంతా తెలిసిపోయాక ఇంట్లోవాళ్లకి కావాల్సింది త్వరగా అయిపోవడం. అదీగాక ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు రెండు చోట్లా చెల్లుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై, ప్రభుత్వం మారినప్పుడల్లా పేరు మారుతూ వచ్చిన పథకం ఇదే. ఆ పథకం వల్ల బతికినవాళ్లు నాకు చాలామంది తెలుసు, దాన్ని తీసిపారేసే మాట నేను అనను. కానీ ప్రభుత్వాసుపత్రిలో అదే ఆపరేషన్ చేస్తే క్లెయిమ్ డబ్బు ఆ ఆసుపత్రికే వస్తుంది, దాంతో పరికరాలు కొనుక్కోవచ్చు, సిబ్బందికి ప్రోత్సాహకం ఇవ్వొచ్చు. పేషెంట్‌ని ముక్క పరీక్ష దగ్గరే లాక్కుపోతే ఖర్చయిన భాగం ప్రభుత్వానికి, డబ్బొచ్చే భాగం అవతలివాళ్లకి. స్క్రీనింగ్ చేసింది ఏఎన్ఎం, మామోగ్రామ్ తీసింది ప్రభుత్వం, ముక్క తీసింది ప్రభుత్వ సర్జన్. చేను దున్నింది ఒకరు, పంట కోసుకుపోయింది ఇంకొకరు.

ఆగస్టులో ఆపరేషన్ అయింది, రొమ్ము పూర్తిగా తీసి చంకలో గ్రంథులు శుభ్రం చేశారు. ఆపరేషన్ బాగానే చేశారు, ఆ మాట చెప్పకపోతే తప్పు. అంచులు శుభ్రంగా ఉన్నాయి, 14 గ్రంథుల్లో రెండిట్లో జబ్బు ఉంది. ఏ మందు పనిచేస్తుందో చెప్పే పరీక్షల్లో హార్మోన్లవి (ఈఆర్, పీఆర్) పాజిటివ్, హెర్2 అనే ప్రొటీన్‌ది నెగెటివ్. డబ్బు మాత్రం కట్టించుకున్నారు, 'కార్డులో రావు' అని కొన్ని రక్త పరీక్షలకి, ఒక స్కాన్‌కి, రసీదు లేకుండా. పథకం కింద చేరిన పేషెంట్ దగ్గర ప్యాకేజీలో ఉన్నవాటికి పైసా తీసుకోకూడదు, డిశ్చార్జి అయ్యాక పది రోజుల మందులు కూడా వాళ్లే ఇవ్వాలి. ఆమె కోతల మేస్త్రి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. సెప్టెంబరులో కీమో మొదలైంది, మూడు వారాలకోటి చొప్పున నాలుగు విడతల ఏసీ (రెండు కీమో మందుల జోడీ), ఆ తర్వాత పాక్లిటాక్సెల్ అనే ఇంకో కీమో మందు అని ప్లాను. రెండు అయ్యాయి.

అక్టోబరు

మూడోది పడాల్సిన సమయానికి, 2025 అక్టోబరులో, బకాయిలు చెల్లించలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు రాష్ట్రమంతా వైద్య సేవ కేసులు ఆపేశాయి. ఆసుపత్రుల బాధ కూడా కొట్టిపారేయలేం, చిన్న ఆసుపత్రులకి నెలల తరబడి డబ్బు రాకపోతే నర్సులకి జీతాలెక్కడివి? కానీ కీమో మధ్యలో ఉన్న మనిషికి ఆ లెక్కలు చెప్పి ఏం లాభం? "క్యాష్ కట్టండి, లేకపోతే ఆగండి" అన్నారు. అప్పుడు వాళ్ల ఊరి ఆశా కార్యకర్త ఆమెని నా దగ్గరికి తీసుకొచ్చింది. "డాక్టరు గారూ, మా అక్కకి రెండు సెలైన్లు పడ్డాయి, మూడోదానికి డబ్బులడుగుతున్నారు, ఎట్టా చేద్దామండీ?" అంది. వెంట ఉన్నది ఒక ప్లాస్టిక్ కవరు, అందులో రెండు బిల్లులు, మందుల షాపు చీటీలు, ఒక ఎక్స్‌రే. డిశ్చార్జి సమ్మరీ లేదు, పాథాలజీ రిపోర్టు లేదు, కీమో చార్టు లేదు. అడిగితే "సిస్టమ్‌లో ఉంది" అన్నారట.

గుంటూరు జీజీహెచ్‌లో (ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి) నాట్కో మందుల కంపెనీ వాళ్లు కట్టించి ఇచ్చిన క్యాన్సర్ సెంటర్ ఉంది, కీమో అక్కడ ఇస్తారు. పంపాను. అక్కడి డాక్టర్ అన్నమాట నూటికి నూరుపాళ్లు సరైనది: పాత డోసు తెలియకుండా మూడోది ఎక్కించలేను. బయటివాళ్లకి ఇది కాగితాల పట్టింపులాగా కనిపిస్తుంది, కాదు. ఏసీలో ఉండే డాక్సోరుబిసిన్ గుండె కండరాన్ని దెబ్బ తీస్తుంది, జీవితకాలంలో మొత్తం ఎంత ఎక్కిందో లెక్క పెట్టుకుంటూ పోవాలి, దాటకూడని హద్దు ఉంది. ఒక్కో విడత చదరపు మీటరుకి 60 మిల్లీగ్రాములు అనుకోవడం వేరు, నిజంగా ఎంత పడిందో చార్టు చూడటం వేరు. మొదటి విడతకి ముందు ఎకో (గుండె స్కాన్) తీశారా, తీస్తే గుండె ఎంత బాగా కొడుతోంది, రెండో విడత తర్వాత తెల్లకణాలు ఎంతకి పడిపోయాయి, ఇవి లేకుండా ఏ డాక్టరూ చెయ్యి పెట్టడు. హెర్2 రిపోర్టు లేకపోతే మొత్తం ప్లానే తేలదు. జూలైలో ముక్కూ ముఖం తెలియని మార్కెటింగ్ మనిషికి దొరికిన ఆమె వివరాలు, అక్టోబరులో ఆమెకి వైద్యం చేయాల్సిన డాక్టర్‌కి దొరకలేదు.

ఆమె వేలిముద్రతో దరఖాస్తు రాయించాను. 2002 నాటి వైద్య నైతిక నియమావళి ప్రకారం పేషెంట్ గానీ, ఆమె అధికారం ఇచ్చిన మనిషి గానీ రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, ఇన్‌పేషెంట్ రికార్డులు మూడేళ్లు దాచాలి. ఆ రెండు ముక్కలూ దరఖాస్తులోనే రాశాం, అందినట్టు ముద్ర వేయించుకున్నాం. ముద్ర వేయడానికి కూడా రిసెప్షన్‌లో ఇష్టపడలేదు, ఆశా కార్యకర్త గట్టిగా నిలబడింది కాబట్టి వేశారు, నా లెటర్‌హెడ్ కన్నా ఆమె మొండితనమే ఎక్కువ పని చేసింది. మొదట డిశ్చార్జి సమ్మరీ ఇచ్చారు, అందులో 'కీమో ఇవ్వబడింది' అని ఉంది, డోసు లేదు. బ్యాలెన్సు ఉందన్నారు. పథకం కేసులో బ్యాలెన్సు ఏమిటని రాతపూర్వకంగా అడిగాం, 104 హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాం. అప్పుడు నర్సింగ్ చార్టు జిరాక్సు, హెర్2 సంగతి తేల్చే ఐహెచ్‌సీ రిపోర్టు వచ్చాయి. నవంబరు మొదట్లో జీజీహెచ్‌లో మూడో విడత పడింది, పడాల్సినదానికి మూడు వారాలు ఆలస్యంగా. ఈ ఆలస్యం వల్ల ఆమెకి నష్టం ఎంత అని అడిగితే ఒక్క పేషెంట్‌లో అది తేల్చడం కుదరదు. విడతల మధ్య ఇలాంటి ఖాళీ రాకూడదు, అంతవరకు ఏ ఆంకాలజిస్టునైనా అడగొచ్చు.

చట్టం ఎక్కడుంది?

డాక్టర్లకి ఇది తెలియాలి కాబట్టి కొంచెం వివరంగా రాస్తా. పేషెంట్ రహస్యం బయటపెట్టకూడదని, రిఫరల్‌కి కమీషన్ ఇవ్వకూడదు తీసుకోకూడదని ఆ 2002 నియమావళిలోనే ఉంది. కానీ అది కట్టడి చేసేది డాక్టర్లని. డేటా ఎంట్రీ ఆపరేటర్‌ని, పీఆర్‌ఓని, ఆసుపత్రి నడిపే కంపెనీని మెడికల్ కౌన్సిల్ ఏమీ చేయలేదు. పని డాక్టర్ చేతుల్లోంచి కాంట్రాక్టు చేతుల్లోకి జారిన ప్రతిసారీ ఆ నియమావళి పరిధి అంత కుంచించుకుపోతుంది. ప్రైవేటీకరణ గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా ఫీజుల దగ్గరే ఆగిపోతారు, నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తోంది.

ఐటీ చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు వైద్య రికార్డుల్ని సున్నితమైన సమాచారంగా లెక్కేస్తాయి, అజాగ్రత్త వల్ల నష్టం జరిగితే 43ఏ సెక్షన్ కింద పరిహారం అడగొచ్చు. అయితే అది కంపెనీలకి వర్తిస్తుంది, ప్రభుత్వాసుపత్రికి కాదు. ఈ కేసులో కౌంటర్ ఏజెన్సీది కాబట్టి ఆ దారి ఉంది, అదొక్కటే కలిసొచ్చింది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి నిబంధనలు 2025 నవంబరులో విడుదలయ్యాయి, ముఖ్యమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు, అంటే 2027 మే. అందులో జరిమానా 250 కోట్ల దాకా ఉంది, వినడానికి బాగుంది, కానీ ఆ డబ్బు ఖజానాకి వెళ్తుంది, పేషెంట్‌కి కాదు. ఆ గడువు ముగిశాక 43ఏ సెక్షన్‌ని ఆ చట్టమే తీసేస్తుంది. ఆరోగ్య సమాచారానికి విడిగా ప్రత్యేక రక్షణ అంటూ కూడా అందులో లేదు. తప్పుడు ఫిర్యాదు పెడితే మాత్రం ఫిర్యాదుదారుడికే పదివేల దాకా జరిమానా వేయొచ్చు.

కావాలంటే గట్టిగా రాయడం మనవాళ్లకి చేతకాదా అంటే, చేతనవుతుంది. హెచ్‌ఐవీ విషయంలో 2017లో చట్టం చేశారు, 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. తెలిసి ఇచ్చిన సమ్మతి లేకుండా ఆ స్థితిని ఎవరూ బయటపెట్టకూడదని సూటిగా ఉంది. ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందులిచ్చే) సెంటర్లో చేసినవాళ్లని అడగండి, అక్కడి స్టాఫ్ పేరు గట్టిగా పిలవడానికి కూడా ఆలోచిస్తారు. అదే ఆసుపత్రిలో, నాలుగు గదుల అవతల క్యాన్సర్ పేషెంట్ ఫారం కౌంటర్ మీద బోర్లా కూడా పెట్టరు.

ముక్కలు ముక్కలుగా

ఆసుపత్రిని ప్రైవేటుకి ఇస్తామని ఎవరైనా అంటే గొడవ జరుగుతుంది. 2025లో పది కొత్త మెడికల్ కాలేజీలు పీపీపీలో (ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్యంలో) పెడతామంటే, వాటిలో మన బాపట్ల కూడా ఉంది, ఎంత రగడ అయిందో చూశాం. జరగాల్సిందే. కానీ అంతకుముందే ఎన్ని ముక్కలు వెళ్లిపోయాయో లెక్కపెట్టండి: శానిటేషన్, సెక్యూరిటీ, డయాలసిస్, స్కానింగ్, ల్యాబ్, అంబులెన్స్, డేటా ఎంట్రీ. ఒక్కొక్కటీ ఇచ్చినప్పుడు కారణం సబబుగానే ఉంది. 108 అసలు మొదటి నుంచీ ఒప్పందం మీదే నడుస్తోంది, బాగానే కాపాడింది. ల్యాబ్ బయటికి ఇచ్చాకే మా సీహెచ్‌సీల్లో థైరాయిడ్ పరీక్ష లాంటివి దొరికాయి, అది కూడా నిజం.

ప్రైవేటు వాసన తగిలితేనే ముక్కు మూసుకునే రకం కాదు నేను. 2015-16లో డాక్టర్ ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం భాగస్వామ్యం కిందే గుంటూరు జీజీహెచ్‌లో ఓపెన్ హార్ట్ సర్జరీలు, గుండె మార్పిడి చేసి చూపించింది. నాట్కో సెంటర్ గురించి పైన రాశాను. ఈ రెండిట్లోనూ బయటివాళ్ల నైపుణ్యమో డబ్బో లోపలికి వచ్చింది, పేషెంట్ మాత్రం ప్రభుత్వాసుపత్రి రిజిస్టర్‌లోనే ఉన్నాడు. మా కౌంటర్ కేసులో రిజిస్టరే బయటికి వెళ్లింది. ఎవరితో ఒప్పందం అన్నదానికన్నా రిజిస్టర్ ఎవరి బల్ల మీద ఉంది అని నేను ముందు చూస్తాను. సమాచారం బయటికి పొక్కితే ఏమిటి శిక్ష, ఒప్పందం ముగిశాక ఆ డేటా ఎవరిది అన్న రెండు ప్రశ్నలకి ఆ ఒప్పందంలో జవాబు ఉందేమోనని సూపరింటెండెంట్ ఆఫీసులో అడిగాం. ఒప్పందం జరిగింది పై స్థాయిలో, కాపీ మా దగ్గర లేదు అన్నారు. ఏజెన్సీ వాళ్లేమో డేటా ఆసుపత్రిది, మేం సేకరించి ఇచ్చేవాళ్లమే అన్నారు.

ఇప్పుడు నేను చేస్తున్నవి

పరీక్షకి రాసే చీటీ మీద ఫోన్ నంబర్ పక్కన అది ఎవరిదో రాయిస్తున్నా. సొంతం కాకపోతే 'ఫలితం ఫోన్‌లో చెప్పవద్దు, పేషెంట్‌కి ప్రత్యక్షంగా మాత్రమే' అని ఎర్ర ఇంకుతో రాస్తున్నా. ఎవరైనా పాటిస్తారా అంటే కొందరు పాటిస్తున్నారు, ఆ గీత ఉంటే రేపు ఫిర్యాదుకి ఆధారం కూడా అవుతుంది. క్లినికల్ వివరాల గడిలో 'క్యాన్సర్ అనుమానం' అని తెలుగులో గానీ పెద్ద అక్షరాల్లో గానీ రాయను, పాథాలజిస్టుకి అర్థమయ్యే పొట్టి రూపం చాలు.

కీమో పేషెంట్లందరికీ జేబులో పట్టే ఒక అట్టముక్క ఇస్తున్నా: మందు, డోసు, తేదీ, ఎత్తు బరువు, ఎకో ఫలితం, హెర్2, చివరి తెల్లకణాలు. ప్రతి విడతకీ అక్కడి నర్సు చేత రాయించుకోమంటాను. నిజానికి ఆభా చేయాల్సిన పని ఇదే, ఆ రోజు వచ్చేవరకు అట్టముక్క నడుస్తుంది. పాథాలజీ మైనం దిమ్మె (తీసిన ముక్కని మైనంలో పెట్టి దాచేది) కూడా మీరు అడిగి తీసుకోవచ్చని చెబుతున్నా, చాలామందికి ఆ సంగతే తెలియదు, రెండో అభిప్రాయానికి వెళ్తే ముందు అడిగేది దాన్నే.

ఆమె ఆధార్‌కి సొంత నంబర్ లింకు చేయించాం. మరిది కొంచెం నొచ్చుకున్నాడు, "నేనేమైనా తింటానా సార్" అన్నాడు. అతనిది దురుద్దేశం కాదని నాకూ తెలుసు. అయినా మార్పించాం.

ఏసీ నాలుగూ, పాక్లిటాక్సెల్ పూర్తయ్యాయి. కాళ్ల వేళ్లలో తిమ్మిరి ఉంది, రాత్రిళ్లు ఎక్కువంటోంది, దానికి మందు ఇస్తున్నాం. కరెంట్ పెట్టడానికి ప్లానింగ్ స్కాన్ అయింది. ఆ తర్వాత టామోక్సిఫెన్ అనే హార్మోన్ చికిత్స మాత్ర, కనీసం ఐదేళ్లు. రసీదు లేకుండా కట్టించుకున్న డబ్బులో కొంత, పథకం జిల్లా ఆఫీసు జోక్యం చేసుకున్నాక, తిరిగి ఇచ్చారు. మేస్త్రి దగ్గర తెచ్చిన అప్పు వడ్డీకి సరిపోయింది. ఫోన్ కాల్ మీద డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్యాధికారి) ఆఫీసులో ఇచ్చిన ఫిర్యాదు పెండింగ్‌లో ఉంది. కుర్రాడి ఫోన్‌లోని కాల్ రికార్డు వివరాలు స్క్రీన్‌షాట్ తీయించి దానికి జత చేశాం, ఏజెన్సీకి 43ఏ కింద నోటీసు రాయడానికి ఒక లాయర్ మిత్రుడు ఒప్పుకున్నాడు. నష్టం ఎంతని రాయాలి అని అడిగాడు. కూతురి సంబంధం సంగతి నోటీసులో రాయొద్దని ఆమె ఖచ్చితంగా చెప్పింది, కాబట్టి ఆలస్యమైన కీమో, కట్టిన డబ్బు, ఇవి మాత్రమే రాస్తున్నాం.